మెరుగుపెట్టిన తూటాలు

షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చే మన పిల్లలు ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. పప్పుచారు రెండోసారి పోసుకునే వేళకు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "అంకుల్, మీరు ఇక్కడ ఏం జాబ్ చేసేటోళ్లు?" అని. పాత తూటాలు చూసేవాణ్ణని చెబుతాను. చూడటం కూడా ఒక ఉద్యోగమేనా అన్నట్టు నా ముఖం చూస్తారు. మొన్న వరంగల్ అమ్మాయి ఒకతి, "అంటే గన్నులు కాలుస్తుంటిరా?" అంది. కాల్చింది తక్కువమ్మా, కాల్చనివ్వకుండా ఆపింది ఎక్కువ అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించడానికి అన్న మాట కాదది. మీరూ రేపో ఎల్లుండో ఉద్యోగాల్లో చేరతారు, పక్కవాడి పని సరిగా లేదని చెప్పాల్సిన రోజు మీకూ వస్తుంది. అందుకని ఈ ఒక్క సంగతి రాసి పెడుతున్నాను.

మాది చీరాల. మన దేశంలో సైన్యం వారి మందుగుండు డిపోలో తూటాల తనిఖీదారుగా చాలాకాలం పనిచేశాను. మా ఆవిడకు షెఫీల్డ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక, ఉన్న ఉద్యోగం వదిలేసి ఆవిడ వెంట వచ్చాను. ఇక్కడ మొదట టేక్‌అవే హోటల్లో ఉల్లిపాయలు తరిగాను, తర్వాత సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దాను. రెండు వేల ఎనిమిదిలో, ఊరి శివార్లలో పాత మిలిటరీ తూటాలు అమ్మే షాపు ఒకటి ఉందని తెలిసి, వెళ్ళి తలుపు తట్టాను. యజమానురాలు ఒక తూటా చేతిలో పెట్టి ఇదేమిటో చెప్పమంది. చెప్పాను. "సోమవారం వచ్చెయ్, లవ్" అంది. షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్‌లో బస్సు డ్రైవర్‌ని కూడా లవ్ అనే పిలుస్తారని తెలియక, ఇంటికి వచ్చి ఆ మాట మా ఆవిడకు చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాను.

సైన్యాలు వాడకుండా మిగిలిపోయిన తూటాలను ఏళ్ళ తర్వాత అమ్మేస్తాయి. వాటిని కొని, మంచివి ఏరి, రైఫిల్ క్లబ్బులకు అమ్మడం మా వ్యాపారం. ఈ దేశంలో తాతల కాలపు రైఫిళ్ళను తుడిచి, నూనె రాసి, శనివారాలు గురి చూసి కాల్చే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఆ రైఫిలుతో పాటు ఆ కాలపు తూటా కూడా కావాలి. నా పనేమిటంటే ప్రతి తూటానూ చేతిలోకి తీసుకుని చూడటం. మందు నింపిన ఇత్తడి కేసు అడుగున ఉన్న గుర్తులను బట్టి ఏ దేశంలో, ఏ ఏడు తయారైందో తెలుస్తుంది. మెడ దగ్గర సన్నటి పగులు ఉందా, పచ్చటి చిలుము పట్టిందా అని చూడాలి. అనుమానం వస్తే గుండు పీకి లోపలి మందు వాసన చూడాలి. మా దగ్గరికి ఎక్కువగా వచ్చే పాత బ్రిటిష్ తూటాల్లో తుపాకి మందు పొడిలా ఉండదు, సేమియా పుల్లల్లా ఉంటుంది. మొదటిసారి ఫోటో చూపిస్తే, "నెయ్యిలో వేయిస్తే పాయసానికి పనికొచ్చేట్టుందండీ" అంది మా ఆవిడ.

అన్నిటికన్నా ముఖ్యం రంగు. తూటా అడుగున మధ్యలో, రైఫిల్ పిన్ను తగిలితే నిప్పు పుట్టే చిన్న టోపీ ఉంటుంది, దాని చుట్టూ సన్నటి రంగు గీత. ఊదా రంగు అయితే మామూలు తూటా. ఎరుపు అయితే ట్రేసర్. దాని ముక్కుకు కూడా ఎర్ర రంగు వేసి ఉంటుంది. ట్రేసర్ గుండు వెనక భాగంలో మండే మందు కూరతారు. కాల్చగానే అది ఎర్రగా మండుతూ పోతుంది, ఎటు పోతోందో కాల్చేవాడికి కనబడుతుంది. యుద్ధంలో అది ఉపయోగమే. గడ్డీ పొదలూ ఉన్న కాల్పుల రేంజ్ మీద మాత్రం అగ్గిపుల్ల గీసి విసిరినట్టే. మెషీన్‌గన్ గుడ్డ బెల్టుల్లో మామూలు తూటాల మధ్య వీటిని కలిపి గుచ్చేవారు. అందుకని పాత బెల్టుల నుంచి ఊడదీసిన తూటాలంటే నాకు ఎప్పుడూ భయమే.

షాపులో మేం ముగ్గురమే. యజమానురాలు, నేను, గ్లాస్గో పెద్దాయన ఒకాయన. ఆయన బ్రిటిష్ సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరై వచ్చాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషేనని నాకు నమ్మకం కుదరడానికి ఆరు నెలలు పట్టింది. కుదిరాక మంచి స్నేహితులమయ్యాం. భార్య పోయాక చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవాడు. మా ఇంటి పులిహోర డబ్బాలో తెస్తే చెమటలు కక్కుతూ మొత్తం తినేవాడు. ఏ రైఫిల్ అయినా కళ్ళు మూసుకుని విప్పి బిగించగలిగే చేతులు ఆయనవి. ఆ షాపే ఆయనకు ఇల్లు. ఆదివారం ఎందుకు వస్తుందో తెలియదని అనేవాడు.

నేను రిటైర్ కావడానికి ముందటి ఏడు వేసవిలో, తమ్ముడి కూతురి పెళ్ళికి చీరాల వెళ్ళి తిరిగొచ్చాను. షాపులో అడుగుపెట్టేసరికి బల్ల మీద ట్రేలనిండా తూటాలు కంసాలి దుకాణంలో నగల్లా మెరుస్తున్నాయి. నేను వెళ్ళేముందు తుప్పు డబ్బాల్లో నల్లగా పడివున్న సరుకు అది. ఖాళీ కేసులకు మెరుగు పెట్టడానికి మా దగ్గర ఒక యంత్రం ఉంది. వాల్‌నట్ పెంకుల పొడి పోసి గంటలకొద్దీ వణికిస్తుంది. పెద్దాయన నిండు తూటాలనే అందులో వేసి మెరుగు పెట్టేశాడు. మెరిసే తూటా కొనేవాళ్ళకు ముచ్చటగా ఉంటుందని ఆయన ఉద్దేశం.

ఒకటి తీసి అడుగు చూశాను. టోపీ చుట్టూ రంగు గీత లేదు. ఇంకొకటి చూశాను. లేదు. గీతలన్నీ పెంకుల పొడిలో అరిగిపోయాయి. ముక్కుల మీది రంగు కూడా పోయింది. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి. లోన ఏముందో ఇక పైన చూసి చెప్పే దారే లేదు.

"ఎర్ర ముక్కువి ఏరి పక్కన పెట్టాకే మిషన్లో వేశాను. నాకా మాత్రం తెలియదా?" అన్నాడు పెద్దాయన. ఏరి పెట్టిన చిన్న కుప్ప చూపించాడు. అందులో కొన్ని ట్రేసర్లే. కానీ కొన్ని మాత్రం ముక్కుకు తుప్పు మరక పట్టిన మామూలు తూటాలు, అడుగున ఊదా గీత శుభ్రంగా కనబడుతోంది. మరకను రంగు అనుకున్నవాడు రంగును మరక అనుకుని వదిలేసి ఉండడా? అంత సీనియర్ ఇంత అశ్రద్ధగా ఎలా చేశాడని నాకు ఒళ్ళు మండింది. ఖాళీ డబ్బాలు తిరగేశాను. అడుగున తెగిన గుడ్డ బెల్టు పీలికలు. అది మెషీన్‌గన్ సరుకు.

ఆ తూటాలు వచ్చే శనివారం పెద్ద పోటీకి వెళ్ళాల్సినవి. పోటీ జరిగేది ఊరి బయట కొండ మీది రేంజ్‌లో. చుట్టూ మైళ్ళకొద్దీ మోకాలెత్తు పొదలు, మధ్య మధ్య గొర్రెల దొడ్లు, రైతుల ఇళ్ళు. ఆ ఏడు వాన లేదు. పొదలు ఎండి గోధుమరంగుకు వచ్చాయి. అక్కడ ఒక్క ట్రేసర్ పేలితే కొండ అంటుకుంటుంది. మనుషులకు ఏమీ కాకపోయినా రేంజ్ మూతపడుతుంది, మా షాపు లైసెన్సు పోతుంది.

"ఈ సరుకు వెళ్ళకూడదు" అన్నాను యజమానురాలితో.

"ఒక్క ట్రేసర్ చూపించు, ఆపేస్తాను. చూపించలేకపోతే శనివారం వెళుతుంది. క్లబ్బుకు మాట ఇచ్చాను, లవ్" అంది.

"లేదని ఆయన చూపించాలి గానీ, ఉందని నేను చూపించాలా?"

"ముప్పై ఏళ్ళు సైన్యంలో చేసినాయన ఏరానంటున్నాడు. అనుమానం నీది. చూపించాల్సిందీ నువ్వే."

మొండివాడు రాజు కన్నా బలవంతుడని మన సామెత. ఆవిడ రాణి అయినా సరే అనుకున్నాను. ట్రేసర్ గుండులో సీసం కాస్త తగ్గుతుంది కాబట్టి మామూలు దానికన్నా తేలిక. తక్కెడ ముందు కూర్చుని ఒక్కొక్క తూటా తూచడం మొదలుపెట్టాను. కానీ ఆ సరుకులో రకరకాల ఫ్యాక్టరీలవి కలిసిపోయాయి, కేసుల బరువులే ఒకలా లేవు. ఏది తేలికో ఎందుకు తేలికో కచ్చితంగా చెప్పలేం. తేలికవి విడిగా పెట్టి, మూడు గుండ్లు పీకాను. మూడూ మామూలువే. పెద్దాయన ఈల వేసుకుంటూ పక్కనే టీ కలిపాడు. "మంచి తూటాలు పాడుచేయడం ఇక చాలు" అని యజమానురాలు పీకే పనిముట్టు తీసి సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. "కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నానా?" అని అడిగాను మా ఆవిడని.

"ఏమోనండీ. మందు ఇచ్చేముందు మేం ఇద్దరం చూసి సంతకం పెడతాం. అవతలిది ఎంత సీనియరైనా రెండో మనిషి చూడందే ఇవ్వం. మీ షాపులో అది లేదా?"

లేదు. మా షాపులో ఆయన చూస్తే ఆయన చూసినట్టు, నేను చూస్తే నేను చూసినట్టు. అంతే.

మర్నాడు యజమానురాలి ముందు నిలబడి ఒక్క మాట అడిగాను. పీకనివ్వకపోతే కాల్చనివ్వండి, కాలిస్తే వృథా కాదు కదా, అవి ఉన్నదే కాల్చడానికి. ఆవిడ సరేనంది. మా ఊరి పక్కన పాత రాతి గనిలో క్లబ్బువాళ్ళ చిన్న రేంజ్ ఒకటి ఉంది. మూడు వైపులా రాయి, ఎదురుగా ఇసుక గుట్ట, అడుగున బురద నీళ్ళు, గడ్డిపోచ కూడా లేదు. అనుమతి తీసుకుని, నీళ్ళ పీపాలు వ్యానులో వేసుకుని, శుక్రవారం పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. పెద్దాయనే వ్యాను నడిపాడు. ఒకచోట ఎర్రలైటు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేస్తే, నా మీద కోపం బండి మీద చూపిస్తున్నాడనుకున్నాను.

నేను బోర్లా పడుకుని రైఫిల్ పట్టుకున్నాను. పెద్దాయన నా కుడిపక్క దూరదర్శిని ముందు కూర్చున్నాడు. గుండు వెళ్ళేదీ తగిలేదీ చూసి చెప్పడం ఆయన వంతు. యజమానురాలు మా వెనక చేతులు కట్టుకుని నిలబడింది. తేలికగా తూగినవన్నీ నా పక్కన పెట్టుకున్నాను.

మొదటిది కాల్చాను. ఇసుక లేచింది. "క్లియర్" అన్నాడు, మంట లేదని. రెండోదీ అంతే. మూడోది టిక్కుమంది గానీ పేలలేదు. నేను కదిలేలోపే ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. "వదలకు. గుట్ట వైపే ఉంచు" అన్నాడు. పాత తూటాల్లో ఇది మామూలే. టిక్కుమన్నాక ఆలస్యంగా పేలేవి ఉంటాయి. తొందరపడి రైఫిల్ వెనక బోల్టు తెరిస్తే ముఖం మీద పేలుతుంది. గురి కదపకుండా ఉన్నాను. ఢామ్మని పేలింది. ఆయన చెయ్యి తీశాడు. అంత కోపంలోనూ ఆయన మీద గౌరవం కలిగింది. ఆ చెవులూ ఆ చేతులూ ఎక్కడికీ పోలేదు.

ఇంకా కాల్చాను. అన్నీ క్లియరే. ట్రే ఖాళీ అవుతోంది. ఓడిపోతే సరుకు కొండ ఎక్కుతుంది. అయినా మధ్యలో లేవదలచుకోలేదు. చివరి తూటా దాకా కాల్చే లేస్తాననుకున్నాను. తర్వాతది గొట్టంలో పెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

ఎర్రటి గీత ఒకటి గుట్టలోకి దూసుకుపోయింది. ఇసుకకు తగిలి, ఎగిరి, గిరగిరా తిరుగుతూ బురద నీళ్ళలో పడి సుయ్యిమంది. పట్టపగలు, వెయ్యి రూపాయల టపాసు కాల్చినట్టు కనబడింది. నాకు సంతోషం పొంగుకొచ్చింది. తల తిప్పి పెద్దాయన వైపు చూశాను.

"క్లియర్" అన్నాడాయన, దూరదర్శిని మీంచి కన్ను తీయకుండా.

నా సంతోషం అక్కడే చచ్చిపోయింది. వెనక్కి చూశాను. యజమానురాలి చెయ్యి నోటి మీద ఉంది. ఆవిడ చూసింది. నేను చూశాను. చూడాల్సినాయన చూడలేదు. మా మౌనానికి ఆయన తల ఎత్తాడు. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. మేమేం చూశామో ఆయనకు అర్థమైపోయింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది ఆవిడ.

"క్రిస్మస్ ముందు నుంచి. లైట్ల చుట్టూ వలయాలు. ఎండలో అంతా తెల్లగా అలుక్కుపోతుంది" అన్నాడు. "చెబితే పంపించేస్తారు. పంపించేస్తే ఎక్కడికి వెళ్ళాలి?" అన్నాడు. ఆ మాట మా ఇద్దరితో అన్నట్టు లేదు.

ఆవిడ వ్యాను తాళాల కోసం చెయ్యి చాపింది. అప్పుడు తట్టింది నాకు, పొద్దున ఆ ఎర్రలైటు దాకా మమ్మల్ని తీసుకొచ్చింది ఈ కళ్ళేనని.

తిరుగు దారిలో ఆవిడే వ్యాను నడిపింది. షాపులో దిగాక యజమానురాలు క్లబ్బుకు ఫోన్ చేసి, సరుకు రాదని, తప్పు మాదేనని ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు కొత్త తూటాలతో పోటీ నడిపించుకున్నారు. తర్వాత ఆ క్లబ్బు మా దగ్గర కొనడం మానేసింది. ఆవిడ ఒక్క రోజు కూడా దానికి విచారించడం నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఆయన సంగతి ఏం చేద్దాం? కౌంటర్ దగ్గర కూర్చోబెట్టనా?" అంది. జాలితో అన్న మాటే. నాకూ జాలిగానే ఉంది. కానీ కౌంటర్ దగ్గర కూర్చోబెడితే ఆయన కళ్ళ సంగతి ఎప్పటికీ బయటపెట్టడు, ఆ కళ్ళతోనే మిగతా రోజులు గడిపేస్తాడు. నేనే వెళ్ళి ముఖం మీద చెప్పాను.

"కళ్ళు బాగు చేయించుకునేదాకా మీరు ఈ గదిలోకి రావద్దు. కౌంటర్ దగ్గరికీ వద్దు. బాగు చేయించుకుని వస్తే మీ కుర్చీ మీదే. అందులో ఇంకెవరినీ కూర్చోనివ్వను."

"నువ్వెవడివి చెప్పడానికి?" అన్నాడు.

"మీ పక్క కుర్చీవాణ్ణి."

కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం నా ఫోన్ ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెబితే, "అది శుక్లాలండీ. మొదట ఆప్టీషియన్‌కి చూపించాలి, వాళ్ళే రిఫర్ చేస్తారు. మా ఆసుపత్రిలో రోజూ చేసే ఆపరేషనే. ఆయన భయపడి ఉంటాడు" అంది. నాతో మాట్లాడనివాడు ఆవిడతో మాట్లాడాడు. ఆవిడే వెంటపడి చూపించింది. ఆపరేషన్ అయ్యాక కంట్లో చుక్కలు వేసే మనిషి లేరని, షిఫ్టుల రోటా చూసుకుని డ్యూటీ దిగాక ఆయన ఫ్లాట్‌కి వెళ్ళి వేసి వచ్చేది. "మీ మీద ఇంకా కోపంగానే ఉన్నాడు. పులిహోర మాత్రం తీసుకున్నాడు" అని చెప్పేది.

ఈలోగా ఆ సరుకంతా నేనొక్కణ్ణే గుండ్లు పీకి విప్పాను. యజమానురాలే సొరుగు తాళం తీసి పీకే పనిముట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇంకా ట్రేసర్లు దొరికాయి. దొరికిన ప్రతిసారీ గెలిచినట్టు అనిపించాలి కదా, ఒక్కసారి కూడా అనిపించలేదు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. యజమానురాలు ఒకసారి దాని మీద అట్టపెట్టెలు పెట్టబోతే, తీయించాను.

రెండో కన్ను కూడా అయ్యాక ఒక సోమవారం పొద్దున ఆయన వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి గోడలూ బల్లలూ పైకప్పూ నెమ్మదిగా చూశాడు. "ఈ గది ఇంత మురికిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే" అన్నాడు. యజమానురాలు నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం హలో కూడా చెప్పలేదు.

కోటు తగిలించి తన కుర్చీలో కూర్చున్నాడు. నేను అప్పుడే ఒక ట్రే చూడటం పూర్తిచేసి పాసైన వాటి వైపు పెట్టాను. ఆయన చెయ్యి చాచి ఆ ట్రేని తన ముందుకు లాక్కున్నాడు. మొదటి తూటా తీసి, కిటికీ వెలుగులోకి పట్టుకుని, అడుగున రంగు చూసి పెట్టాడు. రెండోది తీశాడు. ఒక్కటీ వదలకుండా చూస్తున్నాడు.

నేను చూసిన తూటాలను ఇంకొకరు మళ్ళీ చూడటం ఆ షాపులో అదే మొదటిసారి. ఒక్క క్షణం నా ఒళ్ళు భగ్గుమంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, చూడటం అయిపోయిన రెండో ట్రే కూడా ఆయన ముందుకు జరిపాను.